ఏడుకొండల ఊళ్ళో సాక్ష్యం

తిరుపతి, చిత్తూరు జిల్లాల సంఘ కాపరులకు, వీధి సువార్తకు వెళ్ళే యువతకు బహిరంగ లేఖ

ప్రభువునందు ప్రియమైన కాపరులకు, సువార్తికులకు, ఆదివారం ఆరాధన అయ్యాక సంచిలో కరపత్రాలు సర్దుకుని బయల్దేరే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు,



మీరు చేసే పని వీధిలో జరుగుతుంది. దాని గురించి వీధి వినేలాగే మాట్లాడుకోవడం న్యాయమని ఈ ఉత్తరం బహిరంగంగా రాస్తున్నాను. మన సంఘాల్లో లేనివాళ్ళు, గోవిందనామాలు చెప్పుకుంటూ కొండెక్కే మన ఇరుగుపొరుగువాళ్ళు కూడా దీన్ని చదివితే నాకు సంతోషమే. వాళ్ళు లేనిచోట వాళ్ళ గురించి మనం ఏమనుకుంటామో వాళ్ళకు తెలియాలి. వాళ్ళు వినకూడని మాట మన నోట ఉండకూడదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. తిరుపతిలో సువార్త చెప్పేవాళ్ళకు ప్రార్థన అంటే బయల్దేరే ముందు చేతులు కలిపి ముగించే లాంఛనం కాకూడదు. ఎక్కడ నోరు విప్పాలో, ఎక్కడ ఊరుకోవాలో, ఎవరిని అడిగి అడుగు ముందుకు వేయాలో ప్రార్థనే తేల్చాలి. దానికి ఆ అధికారం నిజంగా ఇస్తే మనం అలిపిరి మెట్ల దగ్గర కరపత్రాలు పంచం. కొండమీద సెల్‌ఫోను పట్టుకుని వీడియోలు తీయం. అలాగని ఊళ్ళో మన విశ్వాసాన్ని దాచుకుని బిక్కుబిక్కుమంటూ బతకం.

ముందు కొండ సంగతి.

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారిలో 2,388. మెట్టు మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగిస్తూ ఎక్కే ఆడవాళ్ళను మీరు చూసే ఉంటారు. మోకాళ్ళ పర్వతం దగ్గర మోకాళ్ళమీదే ఎక్కేవాళ్ళనూ చూసి ఉంటారు. బిడ్డ కడుపున పడాలని, పుట్టిన బిడ్డ బతికి బట్టకట్టాలని, అప్పు తీరాలని, ఆపరేషన్ గట్టెక్కాలని మొక్కుకున్నవాళ్ళు వాళ్ళు. ముడుపు చెల్లించడానికి, తలనీలాలు ఇవ్వడానికి తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి, తెలంగాణ నుంచి రాత్రంతా బస్సుల్లో కూర్చుని వస్తారు.

మెట్టు మీద తల ఆనించిన ఆ తల్లి ఆ ఘడియలో ప్రార్థన చేస్తోంది. ఎవరికి ప్రార్థించాలన్న విషయంలో మన విశ్వాసం వేరు. దాన్ని దాచనక్కర్లేదు, తగ్గించి చెప్పనూ అక్కర్లేదు. కాని ప్రార్థనలో ఉన్న మనిషిని పలకరించి చేతిలో కాగితం పెట్టడం, ప్రార్థన విలువ తెలిసినవాడు చేయగల పని కాదు. ప్రభువు బల్ల దగ్గర మనం తలవంచుకుని ఉండగా ఎవరో లోపలికి వచ్చి మరో మతం పుస్తకం చేతికిస్తే మనకెంత నొప్పి కలుగుతుంది? ఇతరులు మనకు ఏం చేయాలని కోరుకుంటామో అదే మనం వాళ్ళకు చేయాలని కొండమీద ప్రసంగంలో యేసు చెప్పాడు. అలిపిరి విషయంలో ఆ ఒక్క ఆజ్ఞ చాలు.

ఆజ్ఞతో పాటు చట్టం కూడా ఉంది. ఆరాధనా స్థలాల్లో, ప్రార్థనా స్థలాల్లో ఇతర మతాల ప్రచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ముందు ఆర్డినెన్సు, తరువాత చట్టం వచ్చాయి. తిరుమల ఏడుకొండలతో పాటు రాష్ట్రంలోని మరికొన్ని పెద్ద క్షేత్రాలను ప్రభుత్వం దాని పరిధిలోకి తెచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి క్రైస్తవ కుటుంబంలో పుట్టినవారు. ఆ చట్టం పేరులో ఏ ఒక్క మతం పేరూ లేదు. ఎవరి ప్రార్థనాస్థలమైనా వాళ్ళ ప్రార్థనకే ఉండాలన్నది దాని సారం. మన గుడి గడపకూ మనం కోరుకునేది ఇదే కదా!

కొందరు కాపరులు ఈ నిషేధాన్ని శ్రమగా వర్ణిస్తారు. కొండమీద సువార్త చెప్పి జైలుకు పోవడం కిరీటం అన్నట్టు యువకులను ఉసిగొల్పేవాళ్ళూ ఉన్నారు. పేతురు తన మొదటి పత్రికలో రెండు రకాల బాధలను వేరు చేసి చెప్పాడు. క్రీస్తు పేరు కోసం వచ్చే బాధ ఒకటి, ఇతరుల జోలికి పోయి కొనితెచ్చుకునే బాధ మరొకటి. రెండోదాన్ని ఆయన శ్రమల లెక్కలో వేయలేదు. పంతొమ్మిదేళ్ళ కుర్రవాడికి ఈ తేడా చెప్పకుండా అలిపిరి చెక్‌పోస్టు వైపు పంపడం కాపరి పని కాదు. కేసు పడితే కోర్టు చుట్టూ తిరిగేది ఆ కుర్రవాడు, ఏడ్చేది వాళ్ళమ్మ.

గుడి ఊళ్ళో సాక్ష్యం ఎలా ఉండాలో అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం మనకు చూపిస్తుంది. ఎఫెసు ఊరంతా అర్తెమిదేవి గుడి చుట్టూ అల్లుకున్న ఊరు. యాత్రికులు, వెండి బొమ్మలు చేసే కంసాలులు, వాళ్ళ వ్యాపారం, ఊరి గర్వం అన్నీ ఆ గుడితో ముడిపడినవే. పౌలు అక్కడ చాలాకాలం ఉన్నాడు. ఆయన గుడి మెట్ల దగ్గర కాపు కాసినట్టు లూకా ఎక్కడా రాయలేదు. మొదట మూడు నెలలు సమాజమందిరంలో మాట్లాడాడు. అక్కడ ఎదురు తిరిగినప్పుడు తురన్ను పాఠశాలకు మారి రెండేళ్ళు ప్రతిరోజూ చర్చించాడు. వినాలనుకున్నవాళ్ళు నడిచి వచ్చారు. చివరికి కంసాలుల గొడవతో ఊరు ఊరంతా కేకలు వేసినప్పుడు జనాన్ని శాంతింపజేసింది మన బైబిల్లో కరణం అని పిలిచే ఊరి అధికారి. ఆయన పౌలు శిష్యుడేమీ కాదు, అర్తెమిదేవిని కొలిచే ఊరి పెద్ద. అయినా ఈ మనుషులు మన గుడిని దోచుకోలేదు, మన దేవతను దూషించలేదు అని అందరి ముందు నిలబడి చెప్పాడు.

రేపు తిరుపతిలో ఏదైనా గొడవ లేస్తే మన తరఫున అలా చెప్పగల పొరుగువాళ్ళు మనకున్నారా? "వీళ్ళు మా దేవుణ్ణి ఎన్నడూ తూలనాడలేదు" అని టీ కొట్టు యజమాని, కల్యాణకట్టలో పనిచేసే మంగలి, గోవిందరాజస్వామి గుడి వీధిలో పూలమ్మే అవ్వ మన పక్షాన అనగలరా? యూట్యూబులో, వాట్సాప్‌లో మన ప్రసంగాల ముక్కలు తిరుగుతున్నాయి. బొమ్మలంటూ, రాళ్ళంటూ ఎగతాళి చేసే మాటలకు సంఘంలో చప్పట్లు పడతాయి. వీధిలో ఆ చప్పట్లకు మూల్యం చెల్లించేది ఎవరు? మన పక్కింట్లో ఒంటరిగా ఉన్న క్రైస్తవ కుటుంబం. ఎఫెసు కరణం చెప్పిన సాక్ష్యానికి అర్హత సంపాదించకుండా వీధికి వెళ్ళే హక్కు మనకు లేదని నా నమ్మకం.

ఇక ప్రార్థన విషయం. మన తెలుగు సంఘాల చరిత్రలో కూడా ఒక కొండ ఉంది. ఒంగోలులో దాన్ని నేటికీ ప్రార్థనా కొండ అంటారు.

1853లో అమెరికన్ బాప్టిస్టులు తమ నెల్లూరు మిషన్‌ను మూసేయాలా వద్దా అని వాదించుకున్నారు. ఏళ్ళు గడిచినా ఫలితం కనిపించలేదన్నది వాళ్ళ బాధ. అలాంటి రోజుల్లో, 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, వాళ్ళతో పాటు నర్సు, జూలియా, రూతు అనే తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి కింద ఉన్న ఒంగోలును చూస్తూ ప్రార్థించారు. ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు చేరింది 1866లో. అంటే పన్నెండేళ్ళు! ఆ ఐదుగురి ప్రార్థనలో ఊరిమీద కోపం లేదు, ఊరిని గెలవాలన్న ఆత్రం లేదు. అడిగి, దిగి వెళ్ళి, తమ పని తాము చేసుకుంటూ ఎదురుచూశారు.

ఆ తరువాతి కథను మన సంఘాల్లో సగమే చెప్పుకుంటాం. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని గర్వంగా చెబుతాం. దానికి ముందు జరిగింది చాలామందికి తెలియదు. 1876 నుంచి 1878 వరకు మద్రాసు ప్రెసిడెన్సీని ఘోరమైన కరువు పీల్చేసింది. జనం ఆకలితో రోడ్లవెంట పడి చనిపోతున్నారు. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళ పైచిలుకు పని కాంట్రాక్టుకు తీసుకుని వేలాదిమందికి కూలి చూపించాడు. ఆ జనంలో ఎందరో బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూడు కోసం వచ్చారన్న మాట ఎవరూ అనకూడదని, అన్నా అది నిజం కాకూడదని, సాయం పంచుతున్నన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయ కార్యక్రమాలు ముగిసి, ఇక తన దగ్గర ఇవ్వడానికి కూలి లేదు, గింజలు లేవు అని చెప్పాకే మళ్ళీ మొదలుపెట్టాడు.

లెక్కలకు ఆశపడే మనిషి అలా ఆపగలడా? చేతికి అందిన పంటను వద్దనగలడా? ఫలితం తనది కాదని మోకాళ్ళమీద నేర్చుకున్నవాడికే అది సాధ్యం. బియ్యం మూట ఇచ్చి అదే చేత్తో కరపత్రం ఇవ్వడం, ఫీజు కట్టి ఆదివారం రమ్మనడం, జబ్బు మనిషి మంచం దగ్గర "మా ప్రభువును నమ్మితేనే నయమవుతుంది" అనడం, ఇవన్నీ ప్రార్థన మీద నమ్మకం లేనివాడి పనులు. దేవుడు పనిచేస్తాడని నమ్మితే మనిషి బలహీనతను ఆసరాగా తీసుకునే అవసరం మనకెందుకు వస్తుంది?

తెలుగు విశ్వాసులు బాగా ఎరిగిన మరో ఇద్దరిని గుర్తుచేస్తాను. పంజాబు నుంచి వచ్చిన భక్తసింగ్ 1941లో మద్రాసులో యెహోవా షమ్మా పరిచర్య మొదలుపెట్టేముందు కొందరితో కలిసి పల్లావరం కొండమీద రాత్రంతా ప్రార్థనలో గడిపారు. హైదరాబాదులో హెబ్రోను కేంద్రం ఆ తరువాత 1950లో వచ్చింది. పాటలతో, వాక్యాలు రాసిన అట్టలతో వాళ్ళ ఊరేగింపులు వీధుల్లో బహిరంగంగానే సాగాయి. ఆ ఊరేగింపులకు ముందు మోకాళ్ళమీద గడిచిన గంటల సంగతి ఆయనతో ఉన్నవాళ్ళు చెబుతారు. 1938లో బైబిలు మిషన్ స్థాపించిన ముంగమూరి దేవదాసు సన్నిధిలో కనిపెట్టడాన్నే పరిచర్యకు గుండెకాయ చేశారు. కనిపెట్టడం అంటే మాట్లాడకుండా దేవుని ఎదుట ఆగడం. ఆ అలవాటు ఉన్నవాడు వీధిలో ఎదుటి మనిషి చెప్పేది కూడా వినగలడు. మనలో చాలామందికి చెప్పడం వచ్చు. వినడమే ఇంకా నేర్చుకోవలసి ఉంది.

మన ప్రాంతపు మాట కూడా ఒకటి చెప్పాలి. సువార్త మనకు నిన్నమొన్న వచ్చింది కాదు. హెర్మన్స్‌బర్గ్ జర్మన్ లూథరన్లు 1865లో సూళ్ళూరుపేటలో మొదలుపెట్టిన పనే దక్షిణాంధ్ర లూథరన్ సంఘంగా తిరుపతి కేంద్రంగా నేటికీ నడుస్తోంది. మదనపల్లె వైపు ఆర్కాట్ మిషన్ వాళ్ళు పనిచేశారు. వాళ్ళలో ఒకడైన డాక్టర్ జేకబ్ చాంబర్లేన్ మందుల పెట్టె, తెలుగు సువార్త పుస్తకాలు పట్టుకుని ఊరూరా తిరిగినవాడు. 1863లో నైజాం రాజ్యంలోని ఒక ఊళ్ళో జనం కొట్టడానికి రాళ్ళు పట్టుకుని చుట్టుముడితే, ఒక్క కథ చెప్పనివ్వండి, తరువాత కొట్టాలనిపిస్తే కొట్టండి అని అడిగాడట. వాళ్ళు సరేనన్నాక యేసు జీవితం చెప్పాడు.  విన్నవాళ్ళ కళ్ళు చెమ్మగిల్లాయని, చేతుల్లోని రాళ్ళు కిందపడ్డాయని, పుస్తకాలు కొనుక్కున్నారని ఆయన రాసుకున్నాడు. రాళ్ళు పట్టుకున్నవాళ్ళను కూడా ఆయన అనుమతి అడిగాడు. మనం టీ తాగుతూ కూర్చున్న పెద్దమనిషిని అడగడానికి ఎందుకు మొహమాటపడతాం? "అయ్యా, ఒక ఐదు నిమిషాలు మాట్లాడవచ్చా?" అన్న ప్రశ్నకు వద్దనే జవాబు వస్తే "సంతోషం అయ్యా" అని పక్కకు తప్పుకోవడం ఓటమి కాదు. వద్దన్నవాడి మనసుకు ఆ మర్యాదే గుర్తుంటుంది.

ఈ దేశంలో మన హక్కు ఏమిటో కూడా తెలుసుకోండి. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించడానికి, ఆచరించడానికి, ప్రచారం చేయడానికి అందరికీ స్వేచ్ఛ ఇస్తోంది. ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం దానికి హద్దులు. ప్రచారం అన్న మాటను ఉంచాలా తీసేయాలా అని 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో గట్టి చర్చ జరిగింది. చివరికి ఉంచారు. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు దాని అర్థం తేల్చింది. తన మతంలోని సంగతులు వివరించి చెప్పే హక్కు ఉంది, మరొకరిని మతం మార్చే హక్కు మాత్రం ఎవరికీ లేదు అన్నది ఆ తీర్పు. ఎదుటివాడి అంతరాత్మకూ అంతే స్వేచ్ఛ ఉందన్నది కోర్టు చెప్పిన కారణం.

ఆ తీర్పు మనకు అన్యాయం చేసిందని చాలామంది కాపరులు బాధపడతారు. నాకైతే అందులో మన సిద్ధాంతమే కనిపిస్తుంది. మనిషి మనసు మార్చేది దేవుడని, మన చేతుల్లో లేదని ప్రతి ఉపవాస కూటంలో చెప్పుకునేది మనమే కదా? మార్చడం మన పని కాదని ఒప్పుకున్నవాడే ప్రార్థన చేస్తాడు. మార్చి తీరతానన్నవాడికి ప్రార్థనతో పనేముంది? కాబట్టి ఈ నెల ఎందరికి పంచాం, ఎందరు చేతులెత్తారు అన్న లెక్కలు రాయడం మానండి. ఎందరి పేర్లు ఎత్తి ప్రార్థించాం, ఎందరి కష్టంలో పక్కన నిలిచాం అని మీ సంఘం పుస్తకంలో రాసుకోండి.

ఆ ప్రార్థనల్లో ఏముందో కూడా ఒకసారి వినండి. తిరుపతిలో కొన్ని రాత్రి కూటాల్లో కొండమీది శక్తులు కూలాలని, కోటలు బద్దలు కావాలని గొంతు చించుకుని ప్రార్థిస్తారు. కిటికీ బయట నిద్రపోతున్న పొరుగువాడు ఆ కేకలు వింటే తనకోసం ప్రార్థిస్తున్నారనుకుంటాడా, తనమీద పగబట్టారనుకుంటాడా? బబులోను కూడా గుళ్ళ ఊరే. చెరపట్టి తెచ్చిన శత్రువుల ఊరు. అయినా ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థించమని, ఊరి క్షేమంలోనే మీ క్షేమం ఉందని యిర్మీయా తన ప్రజలకు ఉత్తరం రాశాడు. మనకు తిరుపతి చెర కూడా కాదు. మనం పుట్టిన ఊరు, మన పిల్లలు చదివే ఊరు, మన తాతలు మట్టిలో కలిసిన ఊరు. కొండ మెట్లు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల కోసం, క్యూల్లో గంటలకొద్దీ నిలబడే పసిపిల్లల తల్లుల కోసం, ఘాట్ రోడ్డులో బస్సు నడిపే డ్రైవర్ల కోసం ప్రార్థించండి. వాళ్ళు విన్నా ఆమేన్ అనగలిగేలా ప్రార్థించండి.

2025 జనవరి 8 రాత్రి వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన భక్తుల తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. ఊరు మొత్తం ఉలిక్కిపడ్డ రాత్రి అది. అలాంటి రాత్రి విశ్వాసి నోట రావలసిన ప్రార్థన ఏది? గాయపడ్డవాళ్ళు బతకాలని, చనిపోయినవాళ్ళ ఇళ్ళకు ఓదార్పు కలగాలని, దేవునికి అందరూ బిడ్డలేనని. అప్పుడు రక్తం ఇవ్వడానికి ఆసుపత్రి వరండాలో నిలబడ్డవాడు సువార్తికుడు. ఎదుటివాళ్ళ విషాదాన్ని తన వాదానికి రుజువుగా చూపేవాడు ఎన్ని కరపత్రాలు పంచినా సువార్తికుడు కాడు.

ఇన్ని మాటలు చెప్పాక, మీరు చేయగల పనులు కొన్ని అడుగుతున్నాను.

అలిపిరిని, రెండు మెట్ల దారులను, దర్శనం క్యూలను, కల్యాణకట్టను, కపిలతీర్థం గట్టును, బ్రహ్మోత్సవాల వీధులను, గంగజాతర వారాన్ని ప్రార్థించేవాళ్ళకు వదిలేయండి. భయపడి వదలడం వేరు, ప్రేమించి వదలడం వేరు. మీ యువతకు రెండో కారణం చెప్పండి.

రుయా, స్విమ్స్ ఆసుపత్రుల వార్డుల్లోకి కరపత్రాలతో వెళ్ళకండి. వరండాల్లో చాపలు పరుచుకుని పడుకునే తోడు మనుషులకు వేడి నీళ్ళు, దుప్పటి, మందుల షాపు దాకా తోడు, ఇవి ఇవ్వండి. ఎవరైనా తమంతట తాము ప్రార్థన చేయమని అడిగితే చేయండి. అడిగాక కూడా మందులు మానమని ఒక్క మాట అనకండి. మన జిల్లా ప్రజలు తరతరాలుగా వేలూరు సి.ఎం.సి.కి వెళ్తున్నారు. ఆర్కాట్ మిషన్ బిడ్డ ఐడా స్కడర్ 1900లో మొదలుపెట్టిన ఆ పనిలో వైద్యం, ప్రార్థన ఒకదానికొకటి అడ్డు రాలేదు.

తల్లిదండ్రులకు తెలియకుండా చిన్నపిల్లలకు ఏమీ ఇవ్వకండి, బాలల కూటాలకు తీసుకుపోకండి. మైకు గొంతు ఇంటి గడప దాటి నిద్రపోయే ముసలివాళ్ళ మీదకు పోనివ్వకండి.

ఎదురింటివాళ్ళు కొండనుంచి వచ్చి లడ్డూ తెచ్చిస్తే ఏం చేయాలన్నది మీ మనస్సాక్షికి సంబంధించింది. కొరింథు సంఘానికి రాస్తూ పౌలు కూడా ఇలాంటి విషయంలో ఎదుటివాడి మేలునే కొలబద్దగా పెట్టాడు. తినకూడదని మీ మనస్సాక్షి చెబితే చెప్పినట్టే చేయండి. కాని గుమ్మంలో నిలబడ్డ మనిషి ముఖాన తలుపు వేయకండి. లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, చేతులు జోడించి మీ సంగతి చెప్పండి. ఆ మర్యాదను పొరుగువాడు అర్థం చేసుకుంటాడు.

ఇక వీధి. పైన చెప్పిన చోట్లు పోను ఊరు ఎంతో ఉంది. అడిగినవాళ్ళకు మన నిరీక్షణ గురించి జవాబు చెప్పండి. పుస్తకం చదవాలనుకున్నవాళ్ళకు ఇవ్వండి. మీ గుడి తలుపు తెరిచి పెట్టండి. అడిగినవాళ్ళు ఎవరైనా వచ్చి కూర్చోగలిగేలా వారంలో ఒక సాయంత్రం కేటాయించండి. తురన్ను పాఠశాల లాంటి చోటు తిరుపతిలో మనకుంటే మెట్ల దారి అవసరం ఎవరికీ రాదు. కొలొస్సయులకు రాస్తూ పౌలు చెప్పిన వరస గమనించండి. ముందు ప్రార్థన, తరువాత దేవుడు తలుపు తెరవాలన్న కోరిక, ఆ తరువాత బయటివారి పట్ల జ్ఞానంగా నడవడం, చివరికి ఉప్పు వేసినట్టు రుచిగల మాట. మనం ఈ వరసను తలకిందులు చేశాం.

పోలీసు అధికారులకు, హిందూ సంఘాల పెద్దలకు కూడా ఒక మనవి. చట్టం హద్దు గీసిన చోట మా వాళ్ళు దాటితే చట్టం ప్రకారమే నడవండి. మేము అడ్డురాము. హద్దు బయట, బస్టాండు దగ్గరో బజారు వీధిలోనో మర్యాదగా మాట్లాడుతున్న ఆడపిల్లను చుట్టుముట్టి, చేతిలోని పుస్తకం లాక్కుని, వీడియో తీసి ఊరంతా పంపడం చట్టమూ కాదు, ఈ ఊరి సంప్రదాయమూ కాదు. అన్నమయ్య పాడిన నేల మీద మరొకరి భక్తిని అవమానించడం ఎవరికీ తగదు.

అలాంటి దెబ్బ మీలో ఎవరికైనా తగిలితే, అప్పుడే ప్రార్థనకు అసలు పరీక్ష. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు చిన్న కొడుకులను సజీవంగా కాల్చి చంపారు. చంపినవాళ్ళను క్షమిస్తున్నానని ఆయన భార్య గ్లాడిస్ స్టెయిన్స్ చెప్పింది. ఆ తరువాత కూడా బారిపదలో కుష్ఠురోగుల సేవలో కొనసాగింది. దేశం మొత్తానికి ఆ ఇల్లాలు ఇచ్చిన సాక్ష్యం ముందు ఎన్ని మైకుల ప్రసంగాలు నిలుస్తాయి? అంత క్షమాపణ ఒక్కరోజులో పుట్టదు. చాలాకాలం దేవుని ఎదుట మోకరించిన గుండెలోనే పుడుతుంది. దాన్ని మన యువతకు నేర్పించకుండా కరపత్రాల కట్ట ఇచ్చి పంపడం వాళ్ళకూ, ఊరికీ చేస్తున్న అన్యాయం.

కాపరులారా, మీ తరువాతి ఫెలోషిప్ కూటంలో ఈ విషయం ఎజెండాలో పెట్టండి. ఏ వీధికి వెళ్ళాలి, ఏ వీధికి వెళ్ళకూడదు అని కలిసి ప్రార్థించి, నిర్ణయించి, ఆ నిర్ణయాన్ని రాతపూర్వకంగా సంఘాల ముందు చదవండి. దాన్ని కొండవైపు పెద్దలకూ, పోలీసు స్టేషనుకూ పంపండి. అప్పుడు మన మాటకు ఈ ఊళ్ళో విలువ ఏర్పడుతుంది. యువతీయువకులారా, కరపత్రం పట్టుకునే ముందు ఒక పేరు పట్టుకోండి. ఆ మనిషి కోసం ఏడాది ప్రార్థించండి. ఆ ఏడాదిలో ఆయన ఇంటి పెళ్ళికి వెళ్ళండి, చావుకు వెళ్ళండి, పరీక్షల రోజుల్లో వాళ్ళ బిడ్డకు లెక్కలు చెప్పండి. ఏదో ఒకరోజు ఆయనే మీ ప్రభువు గురించి అడిగితే, చెప్పడానికి మీకు ఏడాది పొడవునా సిద్ధమైన జవాబు ఉంటుంది. అడగకపోయినా ఆయన మీ పొరుగువాడే, మీ ప్రార్థన వృథా కాలేదు. తిరుపతిలో సాక్ష్యం అంటే నాకు తెలిసినది ఇదే. దీనికోసం మీరు నిలబడితే ప్రతి సంఘంలోనూ మీ పక్కన నిలబడేవాళ్ళు దొరుకుతారని నమ్ముతున్నాను.

ప్రభువు మీకు తోడై ఉండును గాక.

మీ సోదర విశ్వాసి,
తిరుపతి